బోర్డు మీద నూట ఇరవై తొమ్మిది

కారు నా భార్య నడిపేది. నేను పక్కన కూర్చుని మ్యాపు పట్టుకునేవాణ్ణి. నాకు డ్రైవింగ్ రాదు. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఆ రోజు స్టీరింగ్ తిప్పింది ఆమె చేతులైనా, తిప్పించింది నేను.

ఆమె పోయి పద్నాలుగు నెలలు. ఏడాది దాటేవరకు ప్రయాణాలు పెట్టుకోవద్దని మావాళ్ళు చెప్పారు. పెట్టుకోలేదు. సంవత్సరీకం అయ్యాక ఫోన్ చేసి, ఇక ఎక్కడికైనా వెళ్ళి రావచ్చు, మనసు కుదుటపడుతుంది అన్నారు. ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళు చెప్పలేదు. నాకు వెళ్ళాల్సిన చోటు ఒకటే ఉంది. అక్కడికి నన్ను తీసుకువెళ్ళే మనిషి లేదు.

ఆమె తండ్రి కృష్ణా జిల్లాలో బస్సు డ్రైవరు. ఆయనది ఒకటే పట్టింపు: చివరి స్టాపు చేరకుండా బండి వెనక్కి తిప్పకూడదు. బస్సు ఖాళీగా ఉన్నా సరే. "ఇక్కడ దిగేవాళ్ళు లేకపోతే ఏం, అక్కడ ఎక్కేవాడొకడు నుంచుని ఉంటాడు" అనేవాడట. సెలవుల్లో ఆయన వెనక సీట్లో కూర్చుని ఊళ్ళు తిరిగిన పిల్ల, పెద్దయ్యాక కూడా రోడ్డుని అలాగే చూసింది. మొదలుపెడితే చివర చూడాలి.

అటువంటి మనిషిని పెళ్ళి చేసుకుని సింగపూర్ తీసుకొచ్చాను. హైదరాబాదులో మేమిద్దరం ఒకే కోర్సు చేశాం, ఒకే రకం మెషిన్ల మీద పనిచేశాం. ప్రోగ్రాములు ఆమె నాకంటే శుభ్రంగా రాసేది. అవి మెయిన్‌ఫ్రేమ్ అనే పాత పెద్ద కంప్యూటర్లు తెలిసిన వాళ్ళని విమానాల్లో ఎక్కించి తెప్పించుకుంటున్న రోజులు. నాకు ఉద్యోగం వచ్చింది. ఆమె నా ఉద్యోగాన్ని బట్టి ఇచ్చే డిపెండెంట్ పాస్ మీద వచ్చింది. రెండు మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళింది, తర్వాత మానేసింది. దాని బదులు డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంది.

ఆ దేశంలో కారు కొనడం మావంటి వాళ్ళకి కుదిరే పని కాదు. అద్దెకు తెచ్చేది. మా బెడోక్ ఫ్లాట్ నుంచి దీవి పడమటి కొసకు నలభై నిమిషాలు. "ఇదేం రోడ్డండీ, ఇంజను వేడెక్కేలోపు సముద్రం వచ్చేస్తుంది" అనేది. అందుకని వంతెన దాటి మలేషియాలోకి వెళ్ళేవాళ్ళం. సింగపూర్‌లో కారెక్కి దూరం వెళ్ళాలనుకున్న వాడికి ఉన్న దిక్కు ఒక్కటే, ఉత్తరం. మొదటిసారి మలక్కా. తర్వాత పెనాంగ్. ఆ తర్వాత థాయ్ సరిహద్దు దాకా వెళ్ళి, అక్కడ కారు కాగితాలు చాలవన్నారని తిరిగి వచ్చాం. ఇంటికొచ్చి అన్నం తింటూ ఆమె, "ఇంతకీ ఈ ఉత్తరం చివర ఎక్కడుందంటారు?" అంది.

అది ఆమే కనుక్కుంది. లైబ్రరీలో అట్లాసు ముందేసుకుని కూర్చుని చిన్న కాగితం మీద రాసుకొచ్చింది. నార్వే పైభాగాన, యూరప్‌లో కారు పోగలిగినంత దూరం పోయాక, ఒక రాతి గట్టు మీద రోడ్డు ఆగిపోతుంది. దాని అవతల నీళ్ళు, మంచు. నేను నవ్వాను. ఆ కాగితం రెండేళ్ళు ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

ఇక నా పని గురించి చెప్పాలి. ఇందులో నాకు అనుకూలంగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఒక ఓడల కంపెనీకి మా టీము పనిచేసేది. ఏ కంటెయినరు ఏ ఓడ మీద ఉందో చెప్పే పాత సిస్టమ్. ప్రతి నెలాఖరు రాత్రి ప్రోగ్రాములు వరసగా నడిచే ఒక పెద్ద జాబు పూర్తయి, జాబితాలన్నీ కొత్త నెలకు మారేవి. దాని బాధ్యత నాది. నాతోపాటు వరంగల్ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. నా ఈడుదే. ఇద్దరు పిల్లలు, యీషున్‌లో ఇల్లు. నన్ను అన్నా అనేది, నా భార్యని వదినా అనేది. పని నాకంటే ఆలస్యంగా మొదలుపెట్టి నాకంటే త్వరగా నేర్చుకుంది. అక్కడే నాకు భయం మొదలైంది. కాంట్రాక్టులు ఏడాదికోసారి. ఇద్దరి పని ఒకరు చేయగలరని ఎవరికైనా తోస్తే, ఆ ఒకరు నేను కాకపోవచ్చు.

అప్పట్లో మావాళ్ళలో చాలామంది చేసిన పనే నేనూ చేశాను. పని అప్పగించే కాగితంలో అన్నీ రాసి, ఒక్క మెట్టు రాయకుండా వదిలేశాను. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. ఎవరి చేతనైనంత వాళ్ళు దాచుకుంటారు. నేను దాచింది ఇది: నెలాఖరు సెలవురోజున పడితే, జాబు మొదలుపెట్టే ముందు పాత కంట్రోల్ ఫైలు ఒకటి తీసెయ్యాలి. అంతే. అది తీయకపోతే జాబు సగంలో పడిపోతుంది, ఎన్నిసార్లు నడిపినా అక్కడే పడిపోతుంది. చెప్పడానికి ఒక వాక్యం చాలు.

చివరికి రెండు వారాల సెలవు దొరికి, టికెట్లు తీసుకున్నాక, నేను క్యాలెండరు చూశాను. నెలాఖరు శనివారం పడింది. నేను అక్కడ ఉండను. ఆవిడ ఒక్కతే ఉంటుంది. కాగితం తెరిచి ఆ ఒక్క వాక్యం చేర్చడానికి నాకు పది రోజుల వ్యవధి ఉంది. చేర్చలేదు. దాని బదులు కాగితం చివర నా మొబైల్ నంబరు రాశాను. ఎవరూ అడగలేదు. ఫోను రావాలని నేను కోరుకున్నానా అని చాలాకాలం నన్ను నేను ప్రశ్నించుకున్నాను. కోరుకున్నాను.

నేను సూట్‌కేసు సర్దుతుంటే నా భార్య అందులో లాప్‌టాప్ చూసింది.

"అదెందుకండీ?"

"ఉండనీ."

"మంచులో పెడితే చల్లబడుతుందనా?" అంది. నవ్వింది కూడా.

ఉత్తర నార్వేలో ఒక పట్నంలో విమానం దిగి, చిన్న ఎర్ర కారు అద్దెకు తీసుకున్నాం. వారం పాటు నడిపింది. జూన్ చివర, సూర్యుడు కిందికి దిగి మళ్ళీ లేచేవాడు, మునిగేవాడు కాదు. ఆ వెలుతురు గురించి చాలామంది చాలా రాశారు. నేను రాయను. నాకు గుర్తున్నవి వేరే. పెట్రోలు పంపుల్లో దొరికే చప్పటి బన్ను మధ్య ఆమె పెట్టుకున్న ఆవకాయ. కడ్డీల మీద ఎండబెట్టిన చేపలు, వాటి వాసన కారులోకి వస్తే "కోస్తా వాళ్ళం, ఈ మాత్రానికి అద్దం ఎక్కించకండి" అనడం. రోడ్డుకి అడ్డంగా నిలబడిన రెయిన్‌డీర్ల మంద. కదలవు. "మన గేదెలే నయం. హారన్ కొడితే తలైనా తిప్పుతాయి" అంటూ ఇంజను ఆపేసి, అవి వెళ్ళేదాకా స్టీరింగ్ మీద గడ్డం ఆనించి కూర్చుంది. ఆమెకు తొందర లేదు.

రాత్రులు రోడ్డు పక్కన చెక్క గదుల్లో పడుకునేవాళ్ళం. ప్రతి గదిలోనూ ముందు ఉత్తరం ఏ వైపో చూసేది. తల అటు ఉంటే దిండ్లు తీసి మంచం కాళ్ళ వైపు వేసేది.

"మనం వెళ్తున్నదే అటు కదా, తల పెడితే ఏమైంది?" అన్నాను.

"వెళ్ళేటప్పుడు కాళ్ళు అటుండాలి. తల కాదు" అంది.

శనివారం సాయంత్రం ఐదున్నరకి రోడ్డు రెండుగా చీలే చోటుకి వచ్చాం. అక్కడొక పెట్రోలు పంపు, దాన్ని ఆనుకుని ఒక కొట్టు. ఎడమ వైపు రోడ్డుకి బోర్డు ఉంది. దాని మీద 129. అటు తిరిగితే ఇక చీలికలు లేవు, చివరిదాకా ఒకటే రోడ్డు. ఆమె పెట్రోలు పోయించి, కొట్టులో ఒక అరటిపండు కొనుక్కుని వచ్చి, బోర్డు ముందు నిలబడి తింది. ఫొటో తియ్యమంటావా అని అడిగాను. "చివర తీద్దురుగాని" అంది.

కారు ఎక్కాం. బెల్టు పెట్టుకుంటుండగా ఫోను మోగింది.

సింగపూర్‌లో అప్పుడు రాత్రి పదకొండున్నర.

"అన్నా, జాబు ఆగింది" అంది వరంగల్ ఆవిడ. "మూడుసార్లు రన్ చేసిన. మూడుసార్లు ఆడికే వచ్చి పడిపోతున్నది. నువ్వు రాసిచ్చిన కాయితం ముందర వెట్టుకున్న. అండ్ల ఉన్నదంత చేసిన. నేనేమన్న మర్చిపోయిన్నా?"

"లేదు."

"మరేంది? మ్యానేజరు పక్కనే నిలవడ్డడు. పొద్దుగాల ఓడలున్నయి. చెప్పన్నా, జెల్ది, నేను చేస్త."

ఫోను స్పష్టంగా వినిపిస్తోంది. ఆవిడ వెనకాల ఏసీ చప్పుడు కూడా వినిపిస్తోంది. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి చేతిలో ఉన్న ఆ ఫోను చాలు. చెబితే మ్యానేజరు ముందు ఒక ప్రశ్న వస్తుంది: ఇది కాగితంలో ఎందుకు లేదు? దానికి నా దగ్గర జవాబు లేదు. అంతకంటే, చెప్పాక ఆ పని ఆవిడది కూడా అవుతుంది.

"నేను లోపలికి వెళ్ళి చూడాలి. రెండు గంటల్లో కనెక్ట్ అవుతాను" అన్నాను.

నా భార్య తాళం తిప్పలేదు. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి.

"ఏమైంది?"

"జాబు పడిపోయింది. ఫోన్ లైను కావాలి." కొట్టులో ఉన్న ఫోను గోడకు బిగించినది, లాప్‌టాప్ తగిలించడానికి వీల్లేదు. హోటళ్ళున్న పట్నం మేము మధ్యాహ్నం బయల్దేరినచోటే ఉంది, నూట పది కిలోమీటర్లు వెనక్కి.

"ఏం చెయ్యాలో తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిస్తే చెప్పండి మరి ఆవిడకి."

"ఫోన్లో చెప్పేది కాదు."

"ఆవిడకి చెబితే అర్థం కాదా?"

"కాదు" అన్నాను.

ఆమె నావైపు చూడలేదు. బోర్డు వైపు చూసింది. తర్వాత కారు స్టార్టు చేసి, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, మళ్ళీ ముందుకు, మూడు విడతల్లో వెనక్కి తిప్పింది. అక్కడ చోటు చాలా ఉంది. ఒక్క విడతలో తిప్పొచ్చు. ఆమెకు వెనక్కి తిప్పడం అలవాటు లేదు.

హోటల్లో లైను దొరికి, లోపలికి వెళ్ళి, ఫైలు తీసేసి జాబు మళ్ళీ మొదలుపెట్టడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. ఆమె నా వెనక కుర్చీలో కోటు విప్పకుండా కూర్చుంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. జాబులన్నీ పూర్తయ్యేవరకు ఫోను దగ్గరే ఉండమన్నాడు మ్యానేజరు. అవి పూర్తయ్యేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. సోమవారం మా విమానం. దానికి ముందు కారుని మూడొందల కిలోమీటర్ల కిందికి తీసుకెళ్ళి అప్పజెప్పాలి.

"ఇప్పుడు వెళ్తే? చీకటి పడదుగా. రాత్రంతా నడిపితే..." అన్నాను.

"వద్దండీ" అంది. "బండి తిప్పేశాను."

తిరిగి వచ్చాక ఆఫీసులో మ్యానేజరు నా భుజం తట్టి, "లక్కీ యూ పికప్ ద ఫోన్ లా" అన్నాడు సింగపూర్ ఇంగ్లీషులో. వరంగల్ ఆవిడ నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది.

"ఏం చేసినవన్నా? చెప్పు, రాసుకుంట."

"ఏం లేదు, మళ్ళీ రన్ చేశాను."

"నేను గూడ అదే చేసిన గద."

"ఒక్కోసారి అంతే" అన్నాను.

ఆవిడ నోట్‌బుక్ మూసుకుని వెళ్ళింది. మర్నాడు మా ఇంటికొచ్చి, "నా ఫోన్‌తోనే మీ ట్రిప్పంత పాడయింది వదినా, ఏమనుకోకు" అంది. నా భార్య ఆవిడకి టీ ఇచ్చింది. పిల్లలు ఎలా ఉన్నారని అడిగింది. నేను అక్కడే సోఫాలో ఉన్నాను.

ఆ వచ్చే ఏడాది మనుషుల్ని తగ్గించారు. మా ఇద్దరిలో ఒకరు. నెలాఖరు జాబు ఒంటరిగా నడపలేకపోయిందని ఆవిడ ఉద్యోగ కాగితాల్లో రాసి ఉంది. పిల్లల చదువు మధ్యలో ఆపించి కుటుంబమంతా వరంగల్ వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టుకి నా భార్య వెళ్ళింది. నాకు మీటింగు ఉందని చెప్పాను.

ఇంకో రెండేళ్ళకు ఓడల కంపెనీ ఆ సిస్టమే మార్చేసింది. పాతదాన్ని ఆపే పని నాకే అప్పగించారు. అన్ని ఫైళ్ళతోపాటు ఆ కంట్రోల్ ఫైలు కూడా పోయింది. నేను కాపాడుకున్నది అంతసేపే బతికింది.

తర్వాత ఇరవై ఏళ్ళు గడిచాయి. ఆమె మళ్ళీ కారు అద్దెకు తీసుకోలేదు. అడిగితే ఓపిక లేదనేది. లైసెన్సు మాత్రం రెన్యూ చేయించుకునేది. మేము విమానాల్లో వెళ్ళి, టూరు బస్సుల్లో తిరిగి, గ్రూపు ఫొటోల్లో నిలబడి వచ్చేవాళ్ళం.

జబ్బు తెలిసేసరికే ముదిరింది. ఆసుపత్రిలో పడక వేసిన రోజున అలవాటుగా ఉత్తరం ఏ వైపని అడిగింది. ఫోనులో చూసి చెప్పాను. తల అటే ఉంది. ఆక్సిజన్ గొట్టాలు గోడకి ఉన్నాయి, మంచం తిప్పడం కుదరదంది నర్సు.

"చూశారా, అంత దూరం తీసుకెళ్ళి చూపించలేకపోయారు. ఇక్కడ మాత్రం తల అటే పెట్టించారు" అంది. నర్సు కూడా నవ్వుతుందేమోనన్నట్టు దాన్నే ఇంగ్లీషులో చెప్పింది. నర్సుకి అర్థం కాలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను, తగ్గాక మళ్ళీ వెళ్దాం, ఈసారి చివరిదాకా, అన్నాను. అటువంటి చోట్ల అందరూ అనే మాట. ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

"ఆ రోజు ఫైలు తీసెయ్యమని ఫోన్లో చెప్పుంటే సరిపోయేదిగా" అంది.

నేను ఆమె కాళ్ళ మీద దుప్పటి సరిచేశాను.

"మీ వెనకే కూర్చున్నానండీ. నాకు చదవడం రాదనుకున్నారా?"

కోపంగా అనలేదు. ఇరవై ఏళ్ళు దగ్గర పెట్టుకున్న మాట, పక్కన పెట్టేసి నిద్రపోయింది. నేను క్షమించమని అడగాలి. సాయంత్రం అడుగుదామనుకున్నాను. సాయంత్రం ఆమె చెల్లెళ్ళు వచ్చారు. మర్నాడు మత్తు మోతాదు పెంచారు.

సంవత్సరీకం అయ్యాక నాకు తోచిన పని ఒక్కటే. అటు అడగలేకపోయిన క్షమాపణ ఇటైనా అడగాలి. వరంగల్ ఆవిడ నంబరు కోసం నలుగురిని అడిగి సంపాదించాను. గొంతు పోల్చుకుంది.

"అన్నా! ఎన్నేండ్లయింది! యాదికున్నమా మేము?"

నేను కుశలప్రశ్నల జోలికి పోలేదు. పోతే చెప్పలేనని తెలుసు. జాబు గురించి, రాయకుండా వదిలిన మెట్టు గురించి, క్యాలెండరు ముందే చూసిన సంగతి గురించి, వరసగా చెప్పాను. నీ ఉద్యోగం పోవడానికి కారణం నేనే అన్నాను.

అటువైపు ప్రెషర్ కుక్కర్ కూత వినిపించింది. ఎవరినో స్టవ్ ఆపమంది.

"నాకెరికేనన్నా" అంది. "వదిన చెప్పింది. ఎయిర్‌పోర్టుల."

"ఎయిర్‌పోర్టులోనా?"

"నేను లోపటికి పొయ్యే ముందట. నీ తప్పేం లేదు, అండ్ల ఒక ఫైలు తీసెయ్యాల్నట, మా ఆయన రాయలేదు, అన్నది. అప్పుడింక నేనేం జేస్త? నౌకరి పాయె, టికెట్టు చేతులుండె. బాగ కోపమొచ్చింది. నీ మీద గాదు, వదిన మీద. ఏడాది నుంచి తెల్సి, నాకు చాయ్ పోసి ఊకున్నది గద."

దానికి సమాధానం ఉంది, కానీ అది కూడా మా గురించే. ఆమె ముందే చెప్పి ఉంటే నా ఉద్యోగం పోయేది. నా పాస్ మీదే ఆమె పాస్. ఆవిడ చేతికి టికెట్టు వచ్చేవరకు ఆగి, ఇక ప్రమాదం లేదనుకున్నాక చెప్పింది. నేను దాచినదాన్ని ఆమె ఒక ఏడాది దాచింది. చనిపోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆమె గురించి నాకు తెలిసిన మంచి చాలా ఉంది. ఇది కూడా ఆమే.

"తర్వాత ఇక్కడ టీచర్ పని దొరికింది" అంది ఆవిడ. "పిల్లలు బానే సదువుకున్నరు. ఇప్పుడు చెప్పి ఏం చేస్తవన్నా? ఆ మిషినే లేదు గద ఇప్పుడు."

"లేదు."

"సరే తీయ్. వదినకియ్యి ఫోను, మాట్లాడుత. ఆమె మీద కోపం నాకెప్పుడో పోయింది. ఆ మాట గూడ చెప్పలే."

చెప్పాను.

ఆమె ఇక లేదని విని ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గొంతు మాత్రం తగ్గింది.

"మల్ల పోయిండ్రా అన్నా, ఆ రోడ్డు చివరికి? తర్వాతన్న?"

"లేదు" అన్నాను.